చౌమహల్లాలోని సింహాసన శకటము

ఊరి తేరును ఎరుగనివారు ఉండరు. ఏటికి మూడువందల అరువది దినములు అది రేకుల కొట్టములోనో, తాటాకు తడికెల చాటుననో నిలిచియుండును. ఉత్సవము ఇంక పది దినములున్నదనగా వడ్రంగి వచ్చి చక్రములను తట్టి చూచును. ఇరుసులకు ఆముదము పోయుదురు. వదులైన చీలలు బిగింతురు. పుచ్చిన కొయ్యను తీసి క్రొత్తది వేయుదురు. పగ్గములు లాగి చూతురు. ఒక్క దినము తేరు కదలును. ఆ ఒక్కదినపు కదలికయే తక్కిన సంవత్సరమంతయు దానిని కాపాడుచున్నదని చెప్పవచ్చును. ఏ యూరిలోనైనను కక్షలవలననో కరవువలననో నాలుగేండ్లు ఉత్సవము ఆగినచో, అయిదవయేట పగ్గము పట్టువారికంటె ముందు చెదలు తేరును పట్టియుండును.

హైదరాబాదు నేలిన ఆసఫ్‌జాహీ వంశమునకు ఇట్టి తేరే యొకటి యుండెను. దానిని లాగునది జనము కాదు, గుఱ్ఱములు కావు, ఏనుగు కాదు. అది సింహాసనము నమర్చిన మోటారు కారు. 1911లో ఆరవ నిజాము దానిని చేయ నాజ్ఞాపించెను. 1912 నాటి రోల్స్ రాయిస్ బండి. చేయించినవాడు దానిలో కూర్చుండలేదు. వారసత్వముగా పొందినవాడు దానిని మిక్కిలి అరుదుగా వాడెను. పిదప దశాబ్దముల తరబడి అది కొట్టములో నిలిచిపోయి, ఈ శతాబ్దిలో మరల వెలుగు చూచినది. దాని కథయే ఈ వ్యాసము.

నిజాము కారుతో కోసిగి వారికేమి పని యని ఎవరైన అడుగవచ్చును. ఆ సంబంధము మరీ దూరపుది కాదు. ఆదవాని సీమ నిజాముల కుటుంబపు జాగీరుగా నుండెను. నిజాము ఆలీఖాను సోదరుడగు బసాలత్ జంగు ఆదవానిలో నుండి ఈ ప్రాంతము నేలి 1782లో మరణించెను. అతని గోరీయు అతని తల్లి గోరీయు నేటికిని ఆదవానిలో నున్నవి. 1786లో టిప్పుసుల్తాను ముట్టడించి ఆదవాని కోటను పట్టుకొనెను. తరువాత ఈ సీమ మరల నిజామునకు చేరి, 1800లో కడప, బళ్ళారి, అనంతపురము ప్రాంతములతో బాటు కుంపిణీవారికి వదలుకొనబడినది. దత్తమండలము లనుపేరు అప్పటిదే. నాటినుండి తుంగభద్ర సరిహద్దయ్యెను. ఈవలి గట్టున కోసిగి, మంచాల మొదలగు గ్రామములు ఇంగ్లీషువారి బళ్ళారి జిల్లాలో నుండగా, ఆవలిగట్టున రాయచూరు సీమ 1948 వరకును నిజాముదే. చెన్నపట్టణము నుండి బొంబాయికి పోవు రైలు కోసిగిని విడిచి, తుంగభద్ర వంతెన దాటినంతనే మరియొక ప్రభువు రాజ్యములో అడుగుపెట్టుచుండెను. ఆ ప్రభువు నాణెము వేరు, తపాలా బిళ్ళ వేరు, పోలీసు దుస్తు వేరు. ఏటికి అటునిటు బంధుత్వములున్న కుటుంబములకు ఈ రెండు రాజ్యముల సంగతి పుస్తకములు చెప్పనక్కరలేకయే తెలిసినదై యుండెను. 1953 అక్టోబరు 1వ తేదిని ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రరాష్ట్రములో చేరుటతో ఈ సీమ కర్నూలు జిల్లాకు వచ్చినది. ఇది ఇట్లుండె.

కారును చేయనాజ్ఞాపించిన మీర్ మహబూబ్ ఆలీఖాను 1866లో జన్మించెను. మూడేండ్లు నిండకముందే గద్దె నెక్కెను. ప్రజలు ఆయనను మహబూబ్ పాషా యని పిలుచుకొనిరి. విలాసి, వేటగాడు, పురానీ హవేలీలో ఆయన దుస్తులుంచిన బీరువాల వరుసయే ఒక భవనపు పొడవున్నది. కాని 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి నగరమును ముంచినపుడు ఇల్లు వాకిలి పోయినవారికి తన ప్రాసాదముల వాకిండ్లు తెరిపించినవాడును ఆయనయే. పాతబస్తీ ముసలివారు ఆయన పేరు ప్రేమతో తలచుటకు కారణము బీరువాలు కావు, ఆ వాకిండ్లు.

ఆ కాలమున మన దేశపు సంస్థానాధీశులకు మోటారు కారు క్రొత్త మోజు. అంతకుముందు ఊరేగింపులకు ఏనుగు అంబారీ, నాలుగు గుఱ్ఱముల బగ్గీ యుండెను. మొదట వచ్చిన కార్లు త్రోవలో చెడి, తోయించుకొని ఇల్లు చేరునవి. అంబారీపై పోవలసిన ప్రభువునకు అది చిన్నతనము. ఈ భయమును తీర్చినది రోల్స్ రాయిస్ కంపెనీ. చార్లెస్ రోల్స్ అనునతడు ధనిక కుటుంబమునుండి వచ్చి కార్లు అమ్మువాడు; హెన్రీ రాయిస్ పేదరికములో పెరిగి చేతిపని నేర్చిన యంత్రశిల్పి. వీరు 1906లో సిద్ధముచేసి 1907లో అమ్మకమునకు తెచ్చిన నలుబది-ఏబది అశ్వశక్తుల కారు జగత్ప్రసిద్ధమయ్యెను. అందొకదానికి వెండిరంగు పూసి, అది చప్పుడు లేకుండ పోవుటచే 'సిల్వర్ ఘోస్ట్', అనగా వెండి దయ్యము, అని పేరుపెట్టిరి. ఆ పేరే తరువాత ఆ తరగతి బండ్లన్నిటికిని స్థిరపడెను. 1907లో అదే బండిని లండను, గ్లాస్గో నగరముల నడుమ త్రిప్పి త్రిప్పి 15,000 మైళ్లు నడిపిరి; అందు 14,371 మైళ్లు తనంత తాను ఆగక పోయెను. పరీక్ష ముగిసిన పిమ్మట బండినంతయు విప్పి, అరిగిన భాగములు మార్చుటకైన వ్యయము రెండు పౌనుల రెండు షిల్లింగుల ఏడు పెన్నీలు. ఒక కాపు తన ఎద్దుబండికి పట్టాలు మార్పించినను ఆ దామాషాలో ఎక్కువ ఖర్చగునేమో. మరుసటి యేడు, 1908లో, ఆ తరగతి బండి యొకటి బొంబాయికి వచ్చి, బొంబాయి–కొల్హాపురము పందెములో కనుమలెక్కి దిగి గెలిచెను. దానిని గ్వాలియరు మహారాజు కొనెను. ఆ తరువాత మన సంస్థానములలో ఈ బండి లేని కొట్టము కొట్టము కాదన్నట్లయ్యెను.

నేటివారికి వింతగా తోచు విషయ మొకటి యున్నది. ఆ దినములలో రోల్స్ రాయిస్ వారు పూర్తి కారును అమ్మెడివారు కారు. ఇంజను, చట్రము, చక్రములు, ఆకుకమానులు, స్టీరింగు, ముందటి రేడియేటరు, ఇంతవరకే వారి పని. దీనికే దాదాపు వేయి పౌనుల ధర. పైని కూర్చుండు పెట్టెను కొన్నవారు తమ యిష్టము వచ్చిన బగ్గీ పనివారిచేత చేయించుకొనవలెను. కావున ఒకే చట్రముపై ఒకరు వేటబండి కట్టించుకొనిరి, మరియొకరు పరదా బండి కట్టించుకొనిరి. లండనులోని బార్కరు కంపెనీ ఇట్టి పనివారిలో పేరుపొందినది. వారు 1710 నుండియు దొరలకు గుఱ్ఱపుబగ్గీలు కట్టినవారు. నిజాము కారు పెట్టె వారి చేతిపనియే.

ఆ చట్రముపై ఇంజను ఆరు సిలిండర్లది. మూడేసి సిలిండర్లు ఒక్కొక్క దిమ్మెగా పోతపోసి, రెండు దిమ్మెలను వరుసగా నిలిపిరి. ఆరింటి లోపలి కొలత కలిపి 7,428 ఘన సెంటీమీటర్లు; నేడు ఆదవాని వీధులలో తిరుగు చిన్నకార్లు ఏడింటి ఇంజన్లు కలిపినంత. అయినను అశ్వశక్తి ఏబదికి మించదు. అంత పెద్ద ఇంజను అంత తక్కువ శక్తి నిచ్చుట లోపముగా కనబడవచ్చును, కాని రహస్యమంతయు అందే యున్నది. అది తొందరపడదు. మెల్లగా తిరుగుచు, మనిషి నడకవేగముతో గంటల తరబడి పోయినను వణకదు. ఊరేగింపునకు కావలసినది వేగము కాదు గదా! బ్రేకులు వెనుక చక్రములకు మాత్రమే. ఇంజనును ముందునుండి ఇనుప చేతికఱ్ఱ త్రిప్పి లేపవలెను.

పెట్టె సంగతి వేరు. వెనుకభాగమున ప్రభువు కూర్చుండుటకు సామాన్యపు సీటు గాక, సింహాసనమువలె ఎత్తైన పీఠ మమర్చిరి. దానికి తగినట్లు కప్పు ఎత్తయ్యెను, కిటికీలు పెద్దవయ్యెను. ఎదుట సహచరులకు చిన్న ఆసనములు. దారి కిరుప్రక్కల నిలిచిన జనమునకు ప్రభువు ముఖము స్పష్టముగ కనబడవలె ననుట ఇందలి యుద్దేశము. అంబారీపై కూర్చున్నవాని యెత్తును మోటారు బండిలో సాధించుటకు చేసిన ప్రయత్న మది. బండికి రంగు పసుపుపచ్చ. ఈ రంగునకు ఒక కథ చెప్పుదురు. వంశకర్తయగు నిజాముల్ ముల్కు దక్కనునకు వచ్చునపుడు ఒక సూఫీ సాధువు ఆయనకు పసుపుపచ్చని గుడ్డలో చుట్టిన రొట్టెలు పెట్టెననియు, ఆయన ఏడు రొట్టెలు తినగా ఏడు తరములు ఏలుదువని దీవించెననియు ఐతిహ్యము. ఆసఫ్‌జాహీ జెండా పసుపుపచ్చగా నుండి, నడుమ కుల్చా రొట్టె గుర్తు వహించుట దీనివలననే యందురు. ఏడుగురు నిజాములతోనే రాజ్యము ముగిసిన పిమ్మట ఈ కథకు మరింత ప్రచారము వచ్చెను. జరిగినదానికి సరిపోవునట్లు జోస్యములు కుదురుకొనుట లోకములో క్రొత్త కాదు.

1911 ఆగస్టు 29న మహబూబ్ ఆలీఖాను ఫలక్‌నుమాలో మరణించెను. వయస్సు నలువదియైదు. కారు ఇంకను ఇంగ్లండులోనే యుండెను. తండ్రి కోరిన సింహాసన శకటము కొడుకగు మీర్ ఉస్మాన్ ఆలీఖానుకు దక్కెను. అప్పుడాయనకు ఇరువదియైదేండ్లు. తండ్రికిని కొడుకునకును స్వభావములో పోలిక లేదు. తండ్రి ఇచ్చుటలోను ఖర్చుచేయుటలోను పేరుపొందెను. కొడుకు విశ్వవిద్యాలయమును, ఆసుపత్రులను, చెరువులను, న్యాయస్థానమును కట్టించెను. ఉస్మానియా, ఉస్మాన్‌సాగరము ఆయన పేరనే యున్నవి. కాని తన ఒంటిపై ఖర్చు విషయమున ఆయనకంటె పొదుపరి లేడని లోకము చెప్పుకొనెను. 1937 ఫిబ్రవరిలో ఆయన పాలన రజతోత్సవము జరుగగా, అమెరికాలోని టైము పత్రిక ప్రపంచములోకెల్ల ధనవంతుడని ఆయన బొమ్మను ముఖపత్రముపై వేసెను. అట్టివాడు మాసిన టోపీయు, అతుకుల షేర్వాణీయు ధరించెననుట ప్రసిద్ధమే.

ఈ సింహాసన శకటము చాల కొద్దిగా మాత్రమే తిరిగినది. అందులకు కారణములు ఊహింప కష్టముకాదు. ఉత్సవములకే తగిన బండి నిత్యవ్యవహారమునకు పనికిరాదు. చార్మినారు ప్రాంతపు ఇరుకు వీధులలో అంత పొడవు బండిని త్రిప్పుట సారథికి శిక్ష. పదేండ్లు గడచునప్పటికి చేతికఱ్ఱ అక్కరలేని కార్లు వచ్చెను. ఇరువదేండ్లకు వెండి దయ్యమే పాతదయ్యెను. 1926తో ఆ తరగతి బండ్ల తయారీయే ఆగిపోయెను. ఇంగ్లండు, అమెరికాలలో కలిపి తయారైనవి 7,874. అన్నిటికంటె ముఖ్యముగా, ఎత్తున కూర్చుండి జనమునకు కనబడవలెనను కోరిక తండ్రిది, కొడుకుది కాదు.

ఇచ్చట ఒక కట్టుకథను త్రోసివేయుట అవసరము. నిజాము ఇంగ్లండులో అవమానము పొంది, కోపముతో రోల్స్ రాయిస్ కార్లను కొని వానికి చీపుళ్లు కట్టించి నగరపు చెత్త ఊడ్పించెనని చెప్పుకొనుట కలదు. ఇదే కథ అల్వారు రాజు పేరను, పటియాలా రాజు పేరను, మరి కొందరి పేరను వినబడుచున్నది. ఇందరు యజమానులున్న కథకు సాక్ష్యము మాత్రము ఒక్కటియు లేదు. పరాయి పాలనలో నున్న ప్రజకు అట్టి కథ వినుట కెంత తృప్తి కలిగియుండునో ఊహించుకొనవచ్చును. అంతవరకే దాని విలువ.

1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశములో విలీనమయ్యెను. 1950 నుండి 1956 వరకు నిజాము రాజప్రముఖుడుగా నుండెను. రాజ్యము పోయినను పరివారము పోలేదు. 1967 ఫిబ్రవరి 24న ఆయన కన్నుమూసెను. మనుమడగు ముకర్రంజా వారసుడయ్యెను. చౌమహల్లాలోనే పట్టాభిషేకము జరిగెను. అతనికి సంక్రమించిన సంసారపు లెక్కలు చదివినవారికి నవ్వును దుఃఖమును ఒక్కసారి వచ్చును. జీతపురాండ్రు, జీతగాండ్రు కలిసి 14,718 మంది. దీపపు గుత్తులకు దుమ్ము దులుపుటకే ముప్పదియెనిమిది మంది. కార్లు 60. వానికి పెట్రోలునకును విడిభాగములకును ఏటేట 45,000 పౌనులు వ్యయమగుచుండెను. తీరా చూడగా నడుచుచున్నవి నాలుగు! పట్టాభిషేకము నుండి క్రొత్త నిజామును తీసికొనిపోవలసిన కారు సైతము త్రోవలో చెడిపోయెనని చెప్పుదురు.

ఈ నాలుగు అను సంఖ్యవద్ద కొంచెము ఆగవలెను. ఏబదియాఱు కార్లు కదలకుండ నిలిచియుండగా, వాని పేరనే పెట్రోలు కొనబడుచుండెను. దొంగతనమని ఒక్కమాటలో తీర్పుచెప్పుట సులభము. కాని పెద్ద యిండ్లు శిథిలమగు విధమే అది. అజమాయిషీ చేయువాడు వృద్ధుడై గది విడిచి రాడు. గుమాస్తా పాత పద్దును చూచి క్రొత్త పద్దు వ్రాయును. కొట్టము తలుపు తెరచి చూడుమని ఎవ్వడును చెప్పడు. పద్దులో బండి పరుగెత్తుచుండును, కొట్టములో దానిపై బూజు పట్టుచుండును. ఊరుమ్మడి సొత్తు నెన్నడైన లెక్కచూచినవారికి ఈ రీతి క్రొత్త కాదు.

నిలిచిన మోటారు ఏమగునో తెలిసికొనినగాని ఆ తరువాతి పని విలువ బోధపడదు. తొలుత పోవునవి టైర్లు. బరువంతయు ఒకే చోట పడుటచే అడుగు పలక బారును. రబ్బరు గాలికి ఎండి పగులును. పెట్రోలు క్రమముగ ఆవిరియై, తొట్టిలోను సన్నని గొట్టములలోను జిగురువంటి పదార్థమును విడిచిపోవును. నడుచు ఇంజనులో నూనె సిలిండరు గోడలను తడుపుచుండును. నిలిచిన ఇంజనులో ఆ నూనె మెల్లమెల్లగా అడుగునకు జారును. వానకాలపు తేమ తగులగనే గోడలకు తుప్పు పట్టి, పిస్టను దానికి అతుకుకొనిపోవును. అప్పుడు తెలియనివాడు చేతికఱ్ఱతో బలముగా త్రిప్పినచో ఇనుము విరుగును. మాగ్నెటోలోని తీగచుట్టలకు పూసిన లక్క పగిలి నిప్పురవ్వ పుట్టదు. సీట్ల తోలు బిరుసెక్కును. తోలు క్రింద కూరిన గుఱ్ఱపు వెండ్రుకలలో ఎలుకలు పిల్లలు పెట్టును. అన్నిటికంటె అపాయము కొయ్యకు. ఆ కాలపు కారు పెట్టె పైకి లోహపు రేకువలె కనబడినను, లోపలి అస్థిపంజర మంతయు కఱ్ఱ. రేకు చెక్కుచెదరక నిగనిగలాడుచుండగనే లోని కఱ్ఱను చెదలు పొడిచేసి యుండవచ్చును. తలుపు తెరచినపుడు అది చేతిలోనికి ఊడివచ్చువరకు ఆ సంగతి బయటపడదు. మన తేరుల కథయు ఇదే గదా.

సంస్థానముల కార్లకు 1950 మొదలు ఇంకొక ముప్పు వచ్చెను. రాజభరణములు తగ్గుచు వచ్చి 1971లో పూర్తిగా రద్దయ్యెను. కొట్టములు నిండియున్నను బొక్కసములు వట్టిపోయెను. అమెరికా, ఇంగ్లండుల నుండి వచ్చిన వర్తకులు పాత కార్లను చౌకగా బేరమాడి ఓడల కెక్కించిరి. కొందరు యజమానులు వీనిని తుక్కు ఇనుము క్రింద అమ్మివేసిరి. ప్రభుత్వము మేల్కొని 1970ల తొలి ఏండ్లలో పాతకార్ల ఎగుమతిని నిషేధించునాటికి అనేకము సముద్రము దాటిపోయెను. నిజాము సింహాసన శకటము ఆ ఓడల కెక్కలేదు. కాపాడినది ఎవరి ముందుచూపో కాదు. వారసుల వ్యాజ్యములు, తాళములు, ఎవరు ఏది కదిలించినను మరియొకరు కోర్టున కెక్కుదురను భయము, ఇవి కాపాడెను. పగ కూడ ఒక్కొక్కప్పుడు కావలి కాయును.

ముకర్రంజా స్వభావతః యంత్రములయందు ప్రీతిగలవాడు. ఇంగ్లండులో చదివి, సైనిక విద్య నేర్చినవాడైనను, చేతులకు గ్రీజు పూసికొని ఇంజను క్రింద దూరుటలోనే ఆయనకు సుఖము. తాతగారి కొట్టములోని యంత్రముల విలువ వంశములో తెలిసినవాడు ఆయన యొక్కడే. కాని వారసుల దావాలు, పన్నులు, పరివారపు జీతములు ఆయనను ఊపిరి తీయనీయలేదు. 1970లలో ఆయన ఆస్ట్రేలియాకు పోయి, అచ్చట గొఱ్ఱెల మంద నేలుచు, భూమిని త్రవ్వు పెద్దయంత్రములను తానే నడుపుకొనుచు కాలము గడపెను. యంత్రములపై ప్రేమగల యజమాని సముద్రమునకు ఆవల పాత బుల్డోజర్లను మరమ్మతు చేసికొనుచుండగా, ఈవల ఆయన సొంత తేరు తుప్పు పట్టుచుండెను. విధి యనవలెనో, వేరేమైన ననవలెనో చదువరులే నిర్ణయింపవచ్చును.

ఆభరణముల గతి వేరు. వానికొఱకు ఏండ్ల తరబడి వ్యాజ్యము నడచి, 1995లో భారతప్రభుత్వము 218 కోట్ల రూపాయలకు కొనెను. వజ్రములకు తుప్పు పట్టదు; ఇరువదేండ్లు పెట్టెలో నున్నను వాని వెల పెరుగునే గాని తరుగదు. అందుచే కోర్టు తీర్పునకై వేచియుండుట వానికి సాగెను. కాగితమునకు, కొయ్యకు, ఇనుమునకు అట్టి వెసులుబాటు లేదు.

మలుపు వచ్చినది ముకర్రంజా మొదటి భార్యయగు ఎస్రా బేగము వలన. టర్కీ దేశస్థురాలైన ఆమె విడాకులు పొంది చాలకాలము దూరముగా నుండెను. 1990ల తుదిలో ముకర్రంజా కోరికపై హైదరాబాదునకు మరలి వచ్చి, న్యాయవాదుల సాయముతో వారసులను ఒడంబడికకు తెచ్చి, మూతపడిన ప్రాసాదముల తలుపులు తెరిపించెను. లోపల నున్నవానిలో పాత కాగితములు, ఛాయాచిత్రములు, దుస్తులు, ఆయుధములు, బగ్గీలు, మోటార్లు అన్నియు నుండెను. చౌమహల్లా గోడలపై చెట్లు మొలచియుండెను. వాస్తుశిల్పి రాహుల్ మెహ్రోత్రా పర్యవేక్షణలో ఖిల్వతు దర్బారు మందిరమును, ఇరుప్రక్కల భవనములను బాగుచేసిరి. 2005లో ప్రాసాదమును ప్రజలకు తెరచిరి. 2010లో ఆ పునరుద్ధరణకు యునెస్కో సంస్థవారి పురస్కారము లభించెను.

ఇట్టి బండ్లను బాగుచేయు పద్ధతి ఓర్పుతో కూడినది. అనుభవజ్ఞుడు మొదట ఇంజనును లేపుటకు ప్రయత్నింపడు. ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రములగుండ సిలిండర్లలోనికి పలుచని నూనె పోసి, దినముల తరబడి, ఒక్కొక్కప్పుడు వారముల తరబడి నాననిచ్చును. పిదప చేతితో అంగుళము ముందునకు, అంగుళము వెనుకకు కదలించి చూచును. తొట్టిని దింపి కడుగును; గొట్టములను ఊదించును. పెట్టె రేకును విప్పి లోని కఱ్ఱను సూదితో పొడిచి, మంచిది ఎంతవరకున్నదో గుర్తించి, చెడినంత మేరకే మార్చును. ఎక్కువ మార్చినచో బండి క్రొత్తదగును, పాతదని చెప్పుకొనుటకు మిగులదు. తక్కువ మార్చినచో బండి నిలువదు. ఈ రెండింటి నడుమ నుండవలసిన వివేకమే ఆ వృత్తికి ప్రాణము. మేలైన సంగతి యొకటి: రోల్స్ రాయిస్ వారు ప్రతి చట్రమునకును సంఖ్య వేసి, ఎవరికి ఎప్పుడు అమ్మిరో, ఏ కొలతలతో చేసిరో చీటీ వ్రాసి యుంచిరి. ఆ చీటీలు నేటికిని ఇంగ్లండులో భద్రముగా నున్నవి. నూరేండ్ల నాటి బండికి జాతకము దొరకుట సామాన్య విషయము కాదు. కారు మిగులుటకు ఇనుము గట్టిదైన చాలదు, వ్రాసిపెట్టినవాడు కూడ ఉండవలెను.

సింహాసన శకటము ఆ రీతిగ బాగుపడి, పసుపుపచ్చని కాంతితో చౌమహల్లాలోని బగ్గీఖానాలో నిలుచున్నది. ప్రక్కన ప్యాకార్డు, బ్యూకు మొదలగు తరువాతి కాలపు బండ్లున్నవి. వాని నడుమ ఇది కారువలె గాక, పెండ్లి పల్లకికి చక్రములు తగిలించినట్లు కనబడును. చిన్నపిల్లలు అద్దములకు ముక్కు ఆనించి లోపలి పీఠమును చూచుటకు ప్రయత్నించెదరు. చేయించినవాడు ఎన్నడును ఎక్కని పీఠము అది.

ఇదే సందర్భమున నిజాము రాజ్యపు మరియొక బండిని స్మరింపక తప్పదు. 1932లో నిజాము రైల్వేవారు రోడ్డు రవాణా శాఖను పెట్టి, 27 బస్సులతోను 166 మంది పనివారితోను బస్సులు నడుప మొదలిడిరి. ఆనాటి ఆల్బియన్ బస్సు ఒకటి తరువాత బాగుచేయబడి హైదరాబాదులోని బస్‌భవనమునకు చేరినది. ఆ బస్సు సంతకు పోవు జనమును, మూటలను, కోళ్లను మోసి అరిగినది. ఇది ఏమియు మోయక తుప్పు పట్టినది. రెండును నేడు నిలిచి చూడదగినవే; కాని బస్సును కాపాడుటకు ఏ రాణియు రావలసిన పనిలేకపోయెను, దానిని నడిపినవారి సంస్థయే దానిని మరువలేదు.

2023 జనవరి 14న ముకర్రంజా ఇస్తాంబులులో మరణించెను. శవమును హైదరాబాదునకు తెచ్చి, ప్రజలు చూచుటకై చౌమహల్లాలో నుంచి, జనవరి 18న మక్కామసీదులో పూర్వుల ప్రక్కన సమాధిచేసిరి. ఆ దినము ప్రాసాదమునకు వచ్చిన వేలమందిలో ఆయన ఏలుబడి నెరిగినవారు లేరు. అట్టి ఏలుబడియే లేదు గదా. తాతల కాలపు మాటలు విన్నవారు వచ్చిరి.

కోసిగి ప్రాంతమునుండి చూడగోరువారు రాయచూరు మీదుగా రైలులో హైదరాబాదు చేరవచ్చును. చౌమహల్లా చార్మినారునకు కాలినడక దూరములోనే యున్నది. శుక్రవారమునాడు తలుపులు తెరువరు.